స్లైడు మీద పరాన్నజీవి: గుర్తింపులో మెలకువలు, పొరపాట్లు

మలపరీక్ష కోసం స్లైడు మీద సెలైన్ చుక్కలో కలిపే మలం బరువు దాదాపు 2 మిల్లీగ్రాములు. అగ్గిపుల్ల కొసకు అంటుకున్నంత. మనిషి రోజుకు విసర్జించేది 200 గ్రాములనుకుంటే, ల్యాబ్ టెక్నీషియన్ కంటి ముందుకు వచ్చేది అందులో లక్షో వంతు. ఆ లక్షో వంతులో ఏముందో చూసి పేగులో ఏముందో చెప్పాలి. మనిషిలోని పరాన్నజీవులను సూక్ష్మదర్శినితో గుర్తించడంలో ఎదురయ్యే చిక్కుల్లో సగం ఈ లెక్కలోనే ఉన్నాయి.

ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. అవి 200 గ్రాముల మలంలో సమంగా కలిశాయనుకుంటే గ్రాముకు వెయ్యి, 2 మిల్లీగ్రాముల చుక్కలో రెండు. అంటే పేగులో ఒక్క ఆడపురుగు ఉన్నా దొరికే వీలుంది. కొంకిపురుగుల్లో నెకేటర్ అనే జాతి ఆడపురుగు రోజుకు పెట్టేది 5 వేల నుంచి 10 వేల గుడ్లే. గ్రాముకు 25 నుంచి 50. అలాంటి పురుగు ఒక్కటే ఉంటే, ఒక్క గుడ్డు కంటపడటానికి సగటున 10 నుంచి 20 స్లైడ్లు వెతకాలి. రక్తం తాగి మనిషిని పాలిపోయేలా చేసేది కొంకిపురుగే కానీ, ఒక చుక్క పరీక్షలో తేలిగ్గా దొరికేది ఏలికపాము.

రిపోర్టులో ‘పరాన్నజీవులు కనబడలేదు’ అన్న మాట బలం ఎంతో తెలియాలంటే శాంపిల్ ఎంత తీశారు, ఎప్పుడు తీశారు, ఎన్నిసార్లు తీశారు, ఎంతసేపు చూశారు అన్నవి తెలియాలి. పేగు పరాన్నజీవులకు పది రోజుల లోపు, రోజు విడిచి రోజు, మూడు శాంపిళ్లు చూడాలన్నది పాత నియమం. గుడ్లు, సిస్టులు రోజూ ఒకే లెక్కన బయటికి రావు. జియార్డియా అయితే కొన్నాళ్లు కుప్పలుగా కనబడుతుంది, కొన్నాళ్లు జాడే ఉండదు. పొద్దున ఒక్క డబ్బా ఇచ్చి మధ్యాహ్నానికి రిపోర్టు పట్టుకుపోయే అలవాటు ఈ నియమాన్ని మరుగున పడేసింది. ఇది నిజంగా విచారించాల్సిన విషయం.

శాంపిల్ ఏ స్థితిలో ఉందన్నదాన్ని బట్టి అందులో ఏది దొరుకుతుందో కొంత ఊహించవచ్చు. నీళ్ల విరేచనంలో ట్రోఫోజోయిట్లు, అంటే కదులుతూ, తింటూ ఉండే దశలోని ఏకకణ జీవులు ఉంటాయి. గట్టి మలంలో సిస్టులు, అంటే చుట్టూ గోడ కట్టుకుని కదలిక మానేసిన దశ ఉంటుంది. ట్రోఫోజోయిట్లు బయటికి వచ్చాక ఎంతోసేపు బతకవు. అందుకే నీళ్ల విరేచనాన్ని అరగంట లోపు, మెత్తటి మలాన్ని గంట లోపు చూడాలి. వీలుకాకపోతే నిలవ ద్రావణంలో వేయాలి. మూత్రం కలిస్తే ట్రోఫోజోయిట్లు చచ్చిపోతాయి. టాయిలెట్ నీళ్లు కలిస్తే, ఆ నీళ్లలో స్వేచ్ఛగా తిరిగే జీవులు వచ్చి రోగి ఖాతాలో పడతాయి. రోహిణి కార్తె ఎండలో ఊరి నుంచి పట్నం దాకా బస్సులో వచ్చిన డబ్బాలో మరో మార్పు జరుగుతుంది. కొంకిపురుగు గుడ్లు ఒక రోజులోనే పొదిగి లార్వాలు బయటికి వస్తాయి. అవి చూపులకు స్ట్రాంగిలాయిడిస్ లార్వాల్లాగే ఉంటాయి.

ఈ తికమక చిన్నది కాదు. మిగతా పేగు పురుగులు గుడ్ల రూపంలో కనబడితే, స్ట్రాంగిలాయిడిస్ మాత్రం తాజా మలంలోనే లార్వాగా కనబడుతుంది. అది మనిషి ఒంట్లోనే మళ్లీ మళ్లీ తన సంతతిని నింపుకుంటూ దశాబ్దాల పాటు ఉండగలదు. ఆ సంగతి తెలియక అలాంటి రోగికి స్టెరాయిడ్లు ఇస్తే లార్వాలు ఒళ్లంతా పాకి ప్రాణం తీయవచ్చు. తేడా నోటి దగ్గర తెలుస్తుంది. కొంకిపురుగు లార్వాకు నోటి గొట్టం పొడవు, స్ట్రాంగిలాయిడిస్‌కు పొట్టి. పైగా స్ట్రాంగిలాయిడిస్‌లో జననాంగపు మొగ్గ నడిమి భాగంలో స్పష్టంగా కనబడుతుంది. లార్వాలు కొద్దిగానే వస్తాయి కాబట్టి, అనుమానం ఉన్నచోట అగార్ ప్లేటు మీద మలం ఉంచి, లార్వాలు పాకిన దారుల కోసం చూడటం మేలు.

స్లైడు చూసే పద్ధతి పొలం దున్నడం లాంటిది. ముందు 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో కవర్‌స్లిప్ ఒక మూల మొదలుపెట్టి, చాలు పక్కన చాలు తోలినట్టు, ఎక్కడా వదలకుండా చివరి దాకా పోవాలి. అనుమానం వచ్చిన చోట 40 రెట్లకు మారాలి. వెలుతురు తగ్గించాలి. కాంతి ఎక్కువైతే రంగులేని సిస్టులు అందులో కలిసిపోయి కనబడవు. సెలైన్ చుక్క పక్కనే అయోడిన్ చుక్క కూడా ఉండాలి. సెలైన్‌లో కదలిక తెలుస్తుంది. అయోడిన్ ట్రోఫోజోయిట్లను చంపేస్తుంది కానీ సిస్టు లోపలి కేంద్రకాలను చూపిస్తుంది. ఐపీస్‌లో కొలబద్ద అమర్చి మైక్రాన్లలో కొలవాలి. చాలా ల్యాబుల్లో ఈ కొలబద్ద ఉండదు. ఆకారం ఒక్కటే నమ్ముకున్నప్పుడు జరిగే పొరపాట్లలో చాలా వాటిని ఈ చిన్న గాజుబిళ్ల ఆపగలదు.

పురుగుల గుడ్లలో కొన్నింటిని ఒకసారి చూస్తే మరిచిపోవడం కష్టం. కొరడాపురుగు గుడ్డు రెండు కొసలా బిరడాలు బిగించిన పీపాలా, 50 మైక్రాన్లకు కాస్త అటూఇటుగా ఉంటుంది. ఫలదీకరణ జరిగిన ఏలికపాము గుడ్డు పైత్యరసం అంటి గోధుమరంగులో, పైన బొడిపెలతో, 45 నుంచి 75 మైక్రాన్ల పొడవు ఉంటుంది. ఫలదీకరణ జరగనిది మాత్రం సాగినట్టుండి 90 మైక్రాన్ల దాకా పోతుంది. లోపల గజిబిజి రేణువులే. చెత్త అనుకుని దాటేసే గుడ్డు ఇదే. బొడిపెల పొర ఊడిపోయిన ఏలికపాము గుడ్డు కొంకిపురుగు గుడ్డనిపించవచ్చు. కానీ కొంకిపురుగు గుడ్డు పెంకు పలుచన, రంగు లేదు. లోపల నాలుగు నుంచి ఎనిమిది కణాల ముద్ద, దాని చుట్టూ ఖాళీ. కొంకిపురుగుల్లో రెండు ముఖ్య జాతుల గుడ్లను కంటితో విడదీయడం కుదరదు. రిపోర్టులో ‘కొంకిపురుగు గుడ్లు’ అని ఆగిపోవడమే నిజాయితీ.

బద్దెపురుగుల దగ్గర ఈ పరిమితి ప్రమాదకరమవుతుంది. పందిమాంసం ద్వారా వచ్చే టీనియా సోలియం గుడ్లు, గొడ్డుమాంసం ద్వారా వచ్చే టీనియా సాజినేటా గుడ్లు అచ్చు ఒకేలా ఉంటాయి: గుండ్రంగా, 31 నుంచి 43 మైక్రాన్లు, గీతలుగీతలుగా మందపాటి పెంకు, లోపల ఆరు కొక్కేలు. సోలియం గుడ్లు నోట్లోకి పోతే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు రావచ్చు. సాజినేటా గుడ్లకు ఆ గుణం లేదు. ఏదో తేలాలంటే మలంతో పాటు రాలిన పురుగు ముక్క కావాలి. దాని గర్భాశయానికి ఒక పక్కన ఉన్న కొమ్మలు లెక్కపెట్టాలి. సోలియంలో అవి 13కు మించవు, సాజినేటాలో మామూలుగా 15 నుంచి 20 ఉంటాయి. ఏ జాతో తేలే దాకా ఆ శాంపిల్‌ను సోలియం అనుకునే ముట్టుకోవాలి.

పిల్లల్లో రాత్రిళ్లు ఆసనం దగ్గర దురద పెట్టే సూదిపురుగు మలంలో వెతికితే చాలాసార్లు దొరకదు. ఆడపురుగు రాత్రి బయటికి వచ్చి చర్మం మీదే గుడ్లు పెడుతుంది. పొద్దున స్నానానికీ, దొడ్డికి వెళ్లడానికీ ముందే పారదర్శక టేపును అక్కడ అద్ది, స్లైడుకు అతికించి చూడాలి. ఒక పక్క చదునుగా, మరో పక్క ఉబ్బుగా ఉండే గుడ్లు కనబడతాయి. 1941లో గ్రాహం చెప్పిన ఈ పద్ధతికి ఇంతకంటే సామగ్రి అక్కర్లేదు.

గుడ్లు తక్కువ ఉన్నప్పుడు వాటిని ఒకచోటికి చేర్చాలి. దానికి రెండు దారులు. సంతృప్త ఉప్పునీటిలో మలం కలిపితే తేలిక గుడ్లు పైకి తేలి, మీద ఆనించిన స్లైడుకు అంటుకుంటాయి. 1921లో విల్లిస్ చెప్పిన పద్ధతి ఇది. వంటింటి ఉప్పుతోనే అయిపోతుంది. అయితే బద్దెపురుగు గుడ్లు, ఫలదీకరణ జరగని ఏలికపాము గుడ్లు, లార్వాలు తేలవు. రెండోది 1948లో రిచీ రూపొందించిన ఫార్మలిన్–ఈథర్ పద్ధతి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కొవ్వు, పీచు పైన గడ్డకడతాయి, గుడ్లూ సిస్టులూ అడుగున చేరతాయి. దాదాపు అన్ని రకాలూ ఇందులో దొరుకుతాయి కాబట్టి, ఏదో ఒక్కటే చేయగల ల్యాబుకు ఇది మంచిది.

ఉందో లేదో చెబితే చాలదు, ఎంత ఉందో చెప్పాలన్నప్పుడు కాటో–కాట్జ్ పద్ధతి వాడతారు. రంధ్రమున్న అచ్చుతో సరిగ్గా 41.7 మిల్లీగ్రాముల మలం తీసి, గ్లిజరిన్‌లో నానిన సెల్లోఫేన్‌తో నొక్కుతారు. కనబడ్డ గుడ్ల సంఖ్యను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏలికపాముకు గ్రాముకు 50,000, కొంకిపురుగుకు 4,000 గుడ్లు దాటితే తీవ్రమైన సంక్రమణ. గ్లిజరిన్ మలాన్ని పారదర్శకంగా చేస్తూ చేస్తూ కొంకిపురుగు గుడ్లను కూడా మాయం చేస్తుంది. అరగంట నుంచి గంట లోపు చూడకపోతే అవి కనబడవు. మన దేశంలో 2015 నుంచి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు వేస్తున్నారు. మాత్రలు పనిచేసేకొద్దీ ఒక్కో కడుపులో పురుగులు తగ్గుతాయి, స్లైడు మీద గుడ్డు దొరకడం కష్టమవుతుంది. కాటో–కాట్జ్ పద్ధతిలో కనిపించే అతి చిన్న సంఖ్య గ్రాముకు 24. కాబట్టి పురుగులు తగ్గిన ఊళ్లో ‘సున్నా’ వచ్చిందంటే దాన్ని ఒకటికి రెండుసార్లు చూడాలి.

ఏకకణ జీవుల్లో అమీబా మీద జరిగినన్ని పొరపాట్లు మరి దేని మీదా జరగలేదు. ఎంటమీబా హిస్టోలిటికా సిస్టు 10 నుంచి 20 మైక్రాన్లు, లోపల ఒకటి నుంచి నాలుగు కేంద్రకాలు, మొద్దు కొసల కడ్డీలు. హాని చేయని ఎంటమీబా కోలై సిస్టు సాధారణంగా ఇంకా పెద్దది, పక్వమైతే ఎనిమిది కేంద్రకాలు. వీటిని విడదీయడం అభ్యాసంతో వస్తుంది. ఎంటమీబా డిస్పార్ సంగతి అలా కాదు. అది హిస్టోలిటికాకు అచ్చమైన కవల. రోగం తెప్పించదు. చూపుకు ఒక్కలాంటివైనా ఇవి రెండు జాతులై ఉండాలని ఫ్రెంచి పరాన్నజీవి శాస్త్రవేత్త ఎమిల్ బ్రంప్ట్ 1925లోనే అన్నారు. ఆ మాట దాదాపు ఏడు దశాబ్దాలు పక్కన పడి ఉంది. 1993లో డైమండ్, క్లార్క్ జీవరసాయన, జన్యు ఆధారాలతో వాటిని వేరుచేశాకే లోకం ఒప్పుకుంది. సిస్టు మాత్రమే కనబడ్డప్పుడు ‘హిస్టోలిటికా లేదా డిస్పార్’ అని రాయాలి. సూక్ష్మదర్శినితో హిస్టోలిటికా అని ధైర్యంగా చెప్పగలిగే గుర్తు ఒక్కటే: ట్రోఫోజోయిట్ కడుపులో రోగి ఎర్రరక్తకణాలు ఉండటం.

జిగట విరేచనాలతో వచ్చిన ప్రతి రోగికీ అమీబా అని రాయడం, ఆ కాగితం చూసి మెట్రోనిడజోల్ మాత్రలు వేయడం ఎంతో కాలంగా సాగుతున్న అలవాటు. చీముకణాలనూ, పేగు గోడ నుంచి రాలిన పెద్ద భక్షక కణాలనూ అమీబా అనుకోవడం ఇందుకు ఒక కారణం. చీముకణం కదలదు. అమీబా ఒక పక్కకు కాలు చాచి, ఒంటిని ఆ కాలిలోకి పోసినట్టు ముందుకు పోతుంది. ఆ కదలిక చూడాలంటే శాంపిల్ వెచ్చగా ఉండగానే చూడాలి. రెండు నిమిషాలు ఓపిగ్గా ఒకేచోట చూపు నిలపడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

జియార్డియాను గుర్తించడం సులభం. 1681లో డచ్చి వర్తకుడు లీవెన్‌హుక్ తన విరేచనంలోనే, తాను చేసుకున్న భూతద్దంతో దాన్ని చూశాడు. రెండు కేంద్రకాలు రెండు కళ్లలా, బేరిపండు ఆకారంలో, రాలిన ఆకు గాలిలో తిరిగినట్టు కదులుతుంది. క్రిప్టోస్పోరిడియం అలా కాదు. 4 నుంచి 6 మైక్రాన్ల గుండ్రటి కణం, మామూలు స్లైడులో ఈస్ట్ అనిపిస్తుంది. దీనికి క్షయ సూక్ష్మజీవికి వేసే రంగును కొంచెం మార్చి వేయాలి. అప్పుడు అది ఎర్రగా నిలుస్తుంది, ఈస్ట్ నిలవదు. అదే రంగు పట్టే సైక్లోస్పోరా 8 నుంచి 10 మైక్రాన్లు కాబట్టి ఇక్కడ కూడా కొలబద్దే దిక్కు. డాక్టర్ ప్రత్యేకంగా అడగకపోతే ఈ రంగు ఎవరూ వేయరు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరపు తాగునీటిలో క్రిప్టోస్పోరిడియం చేరి సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. మామూలు మలపరీక్ష కంటికి ఆనని జీవి అంత పని చేసింది. హెచ్‌ఐవీ ఉన్నవారికి విరేచనాలు ఆగకపోతే ఈ రంగు పరీక్ష చేయించి తీరాలి.

రక్తానికి వస్తే మొదటి పేరు మలేరియా. 1880 నవంబర్ 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్‌లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రంగు వేయని పచ్చి రక్తంలో దీన్ని చూశాడు. మలేరియా రోగుల్లో కనబడే నల్లటి రేణువుల వెంట పడి అక్కడికి చేరాడు. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌ను తిని పరాన్నజీవి మిగిల్చే వ్యర్థమే ఆ రేణువులు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ రోగి రక్తం తాగిన దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు చూసినప్పుడు, అవి దోమవి కావని చెప్పింది కూడా వాటిలోని ఆ నల్లటి రేణువులే. బేగంపేటలోని ఆ భవనం నేటికీ ఆయన పేరుతో ఉంది. తెలిసిన ఒక చిన్న గుర్తు ఆధారంగా తెలియనిదాన్ని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ శాస్త్రంలో అరుదు.

మలేరియాకు రెండు పూతలు కావాలి. మందపు పూతలో ఎర్రకణాలు కరిగిపోయి, పరాన్నజీవులు, తెల్లకణాలు మిగులుతాయి. ఎక్కువ రక్తం తక్కువ చోట చూడవచ్చు. పలుచని పూతను మిథనాల్‌తో స్థిరపరుస్తారు. ఎర్రకణం ఆకారం చెడదు కాబట్టి జాతి ఇందులో తేలుతుంది. ఆ మిథనాల్ మందపు పూతను తాకితే ఎర్రకణాలు కరగవు, స్లైడు పాడవుతుంది. జీమ్సా రంగు కలిపే నీటి పీహెచ్ 7.2 దగ్గర ఉండాలి. మన దేశపు మలేరియా కార్యక్రమంలో త్వరగా అయ్యే జస్వంత్‌సింగ్–భట్టాచార్జీ రంగును ఎంతో కాలంగా వాడుతున్నారు. ఆరబెట్టిన పూతల మీద మూత వేయకపోతే ఈగలు, బొద్దింకలు వాటిని తినేస్తాయి.

జాతి తేల్చేటప్పుడు పరాన్నజీవిని ఎంత చూస్తారో, అది దూరిన ఎర్రకణాన్నీ అంతే చూడాలి. వైవాక్స్ దూరిన కణం ఉబ్బుతుంది, గులాబీ చుక్కలు తేలుతాయి. పరాన్నజీవి అమీబాలా అడ్డదిడ్డంగా సాగుతుంది. ఫాల్సిపారం దూరిన కణం సైజు మారదు. సన్నటి ఉంగరాలు, ఒక్కో కణంలో రెండు మూడు, కొన్ని అంచుకు అతుక్కుని ఉంటాయి. దాని లైంగిక దశ నెలవంకలా ఉంటుంది. నెలవంక కనబడితే మరో ఆలోచన అక్కర్లేదు. మలేరియే జాతి కణానికి అడ్డంగా పట్టీ కట్టినట్టుంటుంది. ఆగ్నేయాసియా కోతుల నుంచి వచ్చే నోలెసి కూడా అలాగే కనబడుతుంది కానీ చాలా వేగంగా ముదురుతుంది. ఫాల్సిపారం ముదిరిన దశలు లోపలి అవయవాల సన్నటి రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండిపోతాయి. స్పృహ తప్పిన రోగి వేలి రక్తంలో కొద్దిపాటి ఉంగరాలే దొరకవచ్చు. అందుకే ఒక పూత ఖాళీగా వచ్చినా, అనుమానం బలంగా ఉంటే 12 గంటలకోసారి రెండు రోజుల పాటు మళ్లీ తీయాలి.

ఇక్కడా మొదటి లెక్కే ఎదురవుతుంది. మామూలు ల్యాబులో మైక్రోలీటరుకు 50 పరాన్నజీవుల దాకా పట్టగలరంటారు. 5 లీటర్ల రక్తమున్న మనిషిలో అప్పటికే 25 కోట్ల పరాన్నజీవులు ఉన్నట్టు. మందపు పూతలో 100 క్షేత్రాలు చూసి నెగిటివ్ అని రాస్తే, చూసిన రక్తం సుమారు పావు మైక్రోలీటరు.

బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుకు గడియారం ఉంది. వుచెరేరియా బ్యాంక్రాఫ్టి పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, పగలు ఊపిరితిత్తుల నాళాల్లో ఉండి రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య వేలి రక్తంలోకి వస్తాయి. దోమ కుట్టే వేళ అది. చైనా తీరంలోని అమోయ్‌లో పనిచేసిన ప్యాట్రిక్ మాన్సన్ 1870ల చివర్లో ఈ రహస్యం బయటపెట్టాడు. అందుకే బోదకాలు జిల్లాల్లో రక్తసేకరణ బృందాలు రాత్రి పడుకున్నవాళ్లను లేపి సూది గుచ్చుతాయి. నికోబార్ దీవుల్లోని రకం మాత్రం పగలు కూడా తిరుగుతుంది. రాత్రి వీలుకాని చోట డైఇథైల్ కార్బమజీన్ మాత్ర వేసి, 30 నుంచి 45 నిమిషాల తర్వాత పగలే రక్తం తీయవచ్చు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి 1947లో వెలువడిన మందు అది. లోవా, ఆంకోసెర్కా పురుగులున్న ఆఫ్రికా ప్రాంతాల్లో ఆ మాత్ర వేయకూడదు, రోగికి ప్రమాదం.

మైక్రోఫైలేరియాను గుర్తించేది తోక చివర. బ్యాంక్రాఫ్టిలో తోక కొసలో కేంద్రకాలు ఉండవు. కేరళలోని చేర్తల ప్రాంతంలో కనబడిన బ్రూజియా మలయిలో కొసన రెండు కేంద్రకాలు విడివిడిగా నిలుస్తాయి. రెండింటికీ ఒంటి చుట్టూ తొడుగు ఉంటుంది. కాలు ఏనుగు కాలంత వాచిన మనిషి రక్తంలో మాత్రం ఇవి తరచూ దొరకవు. వాపు ముదిరేనాటికి పెద్దపురుగులు చచ్చిపోయి ఉంటాయి, లేదా దారులు మూసుకుపోయి ఉంటాయి. పైకి ఏ వాపూ లేనివాడి రక్తంలోనే అవి కదులుతుంటాయి, దోమకు అందేది కూడా ఆ రక్తమే.

కాలా అజార్ రోగం చరిత్ర చూస్తే, కంటపడ్డ తర్వాత కూడా పేరు తప్పవచ్చని తెలుస్తుంది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ నుంచి వెళ్లి చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో చిన్న గుండ్రటి వస్తువులు చూసిన లీష్మన్, అవి ట్రిపనోసోములనే మరో రకం పరాన్నజీవుల శిథిలాలని 1903లో రాశాడు. అదే ఏడాది మద్రాసులో డోనోవాన్ వాటినే బతికున్న రోగి ప్లీహంలో చూశాడు. ప్యారిస్‌లో లావెరాన్, మెస్నిల్ వాటిని పైరోప్లాస్మా అన్నారు. రాస్ అవి కొత్త జీవులని చెప్పి లీష్మేనియా డోనోవాని అని పేరు పెట్టాడు. గుర్తు ఇది: 2 నుంచి 4 మైక్రాన్ల దేహంలో గుండ్రటి కేంద్రకం, పక్కనే కడ్డీలాంటి కైనెటోప్లాస్ట్. రెండూ కనబడకపోతే అది ప్లేట్‌లెట్టో, శిలీంధ్రమో కావచ్చు. ప్లీహం నుంచి తీస్తే పదిలో తొమ్మిదికి పైగా పట్టుబడతాయి కానీ లోపల రక్తస్రావం భయం ఉంటుంది. ఎముక మజ్జలో భయం తక్కువ, దొరకడమూ తక్కువే.

మిగతా శాంపిళ్లలో ట్రైకోమొనాస్‌ను యోనిస్రావంలో, అది చల్లబడక ముందే, కుదుపులతో కూడిన కదలిక చూసి గుర్తిస్తారు. మణిపూర్, అరుణాచల్ లాంటి చోట్ల పచ్చి పీతలు తినేవారి కఫంలో రక్తం పడితే క్షయ పరీక్షతో ఆగకూడదు. మూత ఉన్న, 80 నుంచి 120 మైక్రాన్ల పారాగోనిమస్ గుడ్ల కోసం కూడా వెతకాలి.

పరాన్నజీవులు కానివాటిని గుర్తుపట్టడం ఈ పనిలో సగం. పుప్పొడి రేణువు ఏలికపాము గుడ్డులా, మొక్కల నూగు లార్వాలా, నూనెబొట్టూ గాలిబుడగా సిస్టుల్లా, దూది పోగు మైక్రోఫైలేరియాలా కనబడతాయి. ఎర్రకణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్ మలేరియా ఉంగరమనిపిస్తుంది. రంగు మడ్డి కూడా అంతే. లార్వాకు పేగు, ఆహారనాళం ఉంటాయి, నూగుకు ఉండవు. ప్లేట్‌లెట్‌కు నీలి జీవపదార్థం, ఎర్రటి కేంద్రకం విడివిడిగా కనబడవు.

ఇటీవలి పరీక్షలు కొన్ని చిక్కులు తీర్చాయి. పీసీఆర్ హిస్టోలిటికాను డిస్పార్ నుంచి విడదీస్తుంది. వేలి రక్తంతో చేసే మలేరియా కిట్ పదిహేను, ఇరవై నిమిషాల్లో ఫలితమిస్తుంది. కానీ అది వెతికే హెచ్‌ఆర్‌పీ2 ప్రొటీన్ మందు పనిచేసి పరాన్నజీవి పోయాక కూడా వారాల పాటు రక్తంలో ఉంటుంది, ఆ ప్రొటీన్ జన్యువే లేని ఫాల్సిపారం రకాలను ఆ కిట్ పట్టలేదు. ఎన్ని ఉన్నాయి, ఏ దశలో ఉన్నాయి, మందుకు తగ్గుతున్నాయా అన్నవి స్లైడే చెబుతుంది. స్లైడు ఫొటోలు తీసి వెతికే కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా స్లైడు మీద పడినదాన్నే చూడగలవు.

రిపోర్టులో ఉండాల్సినవి కొన్నే: శాంపిల్ ఏమిటి, ఎన్నింటికి తీశారు, ఏ పద్ధతి, జాతి, దశ, సంఖ్య. మలేరియాలో 200 తెల్లకణాలకు ఎన్ని పరాన్నజీవులో లెక్కించి, మైక్రోలీటరుకు 8,000 తెల్లకణాలన్న అంచనాతో 40తో గుణిస్తారు. జాతి తేలనప్పుడు తేలలేదనే రాయాలి. పాజిటివ్ స్లైడ్లనూ, నెగిటివ్‌లలో కొన్నింటినీ మరొకరు మళ్లీ చూడటానికి దాచాలి. దాచేముందు, చూడటానికి స్లైడు మీద వేసిన నూనె తుడవాలి, లేకపోతే కొన్నాళ్లకు రంగు వెలిసిపోయి రెండోసారి చూడటానికి స్లైడు పనికిరాదు.